ఈమెయిల్ గ్రూపుల్లో అదబ్: ‘సెండ్’ నొక్కే ముందు తెలుసుకోవాల్సినవి

రోజువారీ కబుర్లన్నీ వాట్సాప్‌లోకి మారిపోయినా ఈమెయిల్ గ్రూపుల పని మాత్రం అయిపోలేదు. కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, స్కాలర్‌షిప్పులు ఇచ్చే ట్రస్టులు, రీసెర్చ్ చేసేవాళ్లు ఇప్పటికీ మెయిల్‌నే వాడుతున్నారు. సభ్యుల్లో సగం మంది కర్నూలు, గుంటూరు, హైదరాబాద్‌లో, మిగతా సగం జెద్దా, దుబాయ్, షికాగోలో ఉండే సేవా సంఘాలదీ అదే దారి. లెక్కలు, మీటింగ్ మినిట్స్, సాయం కోసం వచ్చే అప్లికేషన్లు పదేళ్ల తర్వాత వెతికినా దొరకాలంటే మెయిలే సౌకర్యం.

అదే సౌకర్యం చిక్కు కూడా తెస్తుంది. వెతికితే దొరికేది మంచి మాట ఒక్కటే కాదు. కోపంలో రాసిన మాట, నిర్ధారించుకోకుండా పంపిన ఆరోపణ, ఒక ఇంటి కష్టం గురించిన వివరం కూడా అలాగే దొరుకుతాయి. గ్రూపుల్లో జరిగే నష్టంలో ఎక్కువ భాగం చెడ్డ ఉద్దేశంతో జరిగేది కాదు. ‘ఈ ఉత్తరం ఎవరెవరికి చేరుతుంది’ అని ఒక్క క్షణం ఆలోచించకపోవడం వల్ల జరిగేది. గ్రూపు మర్యాదలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

గ్రూపు ఎలా పనిచేస్తుంది?

ఈమెయిల్ గ్రూపుకు ఒకే చిరునామా ఉంటుంది. దానికి ఒకరు ఉత్తరం పంపితే, సాఫ్ట్‌వేర్ దాన్ని సభ్యులందరికీ పంచుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంటర్నెట్‌కు ముందుతరం అయిన ఆర్పానెట్‌లో 1975లోనే ‘ఎంఎస్‌జీగ్రూప్’ అనే చర్చా జాబితా నడిచింది. 1986లో ఎరిక్ థామస్ ‘లిస్ట్‌సర్వ్’ ప్రోగ్రామ్ రాశాక సభ్యులను చేర్చడం, తీసేయడం యంత్రమే చేసే వీలు కలిగింది. ఇప్పుడు గూగుల్ గ్రూప్స్, మెయిల్‌మ్యాన్ లాంటివి ఆ పని చేస్తున్నాయి.

సభ్యులు మొదట మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, కొన్ని గ్రూపుల్లో మామూలు ‘రిప్లై’ నొక్కినా జవాబు అందరికీ వెళ్తుంది. కొన్నింటిలో రాసిన మనిషికే వెళ్తుంది. అది నిర్వాహకులు పెట్టిన సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది. రెండు, చాలా గ్రూపుల్లో ప్రతి ఉత్తరం ఆర్కైవ్‌లో నిలిచి ఉంటుంది. గ్రూపు పబ్లిక్‌గా ఉంటే సభ్యులు కానివాళ్లకు కూడా కనబడొచ్చు. మూడు, పంపినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. జీమెయిల్‌లో ‘అన్‌డూ సెండ్’ ఉంది కానీ దానికి గడువు గరిష్ఠంగా 30 సెకన్లే. ఆ తర్వాత ఉత్తరం సభ్యులందరి ఇన్‌బాక్స్‌ల్లో ఉన్నట్టే.

తెలుగు, ఉర్దూ వాళ్ల పాత గ్రూపులు

ఆన్‌లైన్ చర్చల్లో మన భాషల వాళ్లు వెనకబడి ఏమీ లేరు. యూజ్‌నెట్ రోజుల్లో ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే న్యూస్‌గ్రూపు విదేశాల్లోని తెలుగువాళ్లను కలిపింది. ఉర్దూ షాయరీ అభిమానులకు ‘ఆల్ట్.లాంగ్వేజ్.ఉర్దూ.పొయెట్రీ’ ఉండేది. తర్వాత యాహూ గ్రూపుల కాలంలో ‘రచ్చబండ’ లాంటి తెలుగు సాహిత్య గ్రూపులు నడిచాయి.

అప్పట్లో కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సులువుగా కనబడేవి కావు. అందుకే రైస్ యూనివర్సిటీ పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేవారు. అందులో చిన్న ‘టీ’ అక్షరం ‘త’ అయితే, పెద్ద ‘టీ’ అక్షరం ‘ట’ అవుతుంది. ఉర్దూ వాళ్లూ రోమన్ ఉర్దూలో రాసుకున్నారు. ఇప్పుడు యూనికోడ్ వల్ల ఆ ఇబ్బంది లేదు. అయినా లిపి విషయంలో మర్యాద అవసరం పోలేదు. ఉర్దూ మాట్లాడే ఎన్నో ఇళ్లలో పిల్లలు తెలుగు మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివినవాళ్లు. వాళ్లకు ఉర్దూ మాట అర్థమవుతుంది, లిపి చదవడం రాదు. పెద్దల్లో కొందరికి ఉర్దూ లిపి తప్ప మరొకటి అలవాటు లేదు. అలాంటి గ్రూపులో ముఖ్యమైన ప్రకటన రెండు లిపుల్లో పంపితే ఎవరూ బయటివాళ్లమని అనుకోరు.

యాహూ 2019 చివర్లో పాత గ్రూపుల్లోని ఉత్తరాలను తొలగించడం మొదలుపెట్టింది. 2020 డిసెంబరు 15న ఆ సర్వీసునే మూసేసింది. ముందే కాపీ దాచుకోని గ్రూపుల ఏళ్లనాటి చర్చలు దాంతో పోయాయి. సంఘం రికార్డులు మెయిల్‌లో ఉన్నాయి కదా అని ధీమాగా ఉండే కార్యదర్శులకు ఇదొక హెచ్చరిక. ఏడాదికోసారి కాపీ తీసి పెట్టుకోవాలి.

1995లో రాసిన నియమాలు

ఇంటర్నెట్ మర్యాదల మీద ఇప్పటికీ అందరూ ప్రస్తావించే పత్రం ‘ఆర్ఎఫ్‌సీ 1855’. ఇంటెల్ ఉద్యోగి శాలీ హాంబ్రిడ్జ్ రాయగా 1995 అక్టోబరులో వచ్చింది. అందులోని సలహాలు చాలావరకు నేటికీ పనికొస్తాయి.

కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు చదివాకే రాయడం మొదలుపెట్టాలని ఆ పత్రం చెబుతుంది. ఇంగ్లిష్‌లో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్టు ఉంటుందనీ, సంతకం నాలుగు లైన్లు దాటకూడదనీ అంటుంది. పోస్ట్‌కార్డు మీద రాయలేని సంగతి మెయిల్‌లో రాయొద్దన్నది మరో సలహా. అన్నింటికంటే మంచి మాట ఇంకోటుంది. పంపేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, ఇతరులు పంపింది చదివేటప్పుడు ఉదారంగా ఉండాలి.

రెండు నెలలు ఆగడం ఈ రోజుల్లో ఎక్కువే అనిపించొచ్చు. కానీ కొత్త మొహల్లాకు మారినవాళ్లు మొదటి జుమా రోజే మసీదు కమిటీకి సలహాలు ఇవ్వరు కదా! నాలుగు వారాలు వస్తూ పోతూ ఉంటే ఎవరేమిటో, అక్కడి పద్ధతేమిటో తెలుస్తుంది. గ్రూపులోనూ అంతే. పాత ఉత్తరాలు కొన్ని చదివితే చాలు, అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరకొచ్చు.

ఉత్తరం రాసే పద్ధతి

సబ్జెక్ట్ లైన్: ‘అర్జెంట్’, ‘ముఖ్య గమనిక’, ‘సలాం’ అని వదిలేస్తే లోపల ఏముందో తెలియదు. ‘ఆదివారం మీటింగ్ 11 గంటలకు మారింది’ అని రాస్తే ఉత్తరం తెరవకుండానే సగం పని అయిపోతుంది. చర్చ దారి మళ్లితే సబ్జెక్ట్ మార్చాలి. ‘ఇఫ్తార్ ఏర్పాట్లు’ అన్న ఉత్తరం కింద ఖబరస్తాన్ గోడ గురించి చర్చిస్తే తర్వాత ఎవరికీ దొరకదు.

ఒక ఉత్తరం, ఒక విషయం: మూడు సంగతులు కలిపి రాస్తే మొదటిదానికే జవాబొస్తుంది. మిగతా రెండూ మరుగున పడతాయి.

పాత ఉత్తరం కత్తిరించడం: జవాబు రాసేటప్పుడు కింద ఉన్న పాత ఉత్తరాలన్నీ అలాగే వదిలేయొద్దు. ఏ మాటకు జవాబిస్తున్నారో ఆ రెండు లైన్లు ఉంచి మిగతాది తీసేయాలి. అయితే అర్థం మారేలా కత్తిరించకూడదు. ఎదుటివాళ్ల మాటలో సగం తీసి మిగతా సగానికి జవాబివ్వడం మోసం కిందికే వస్తుంది.

అటాచ్‌మెంట్లు: జీమెయిల్ 25 ఎంబీ వరకు పంపనిస్తుంది. పంపనిస్తుంది కదా అని పంపడం సరికాదు. ఫోన్ డేటా మీదే ఆధారపడినవాళ్లు గ్రూపులో ఉంటారు. ఫొటోలు ఎక్కువుంటే ఒక చోట పెట్టి లింక్ ఇవ్వడం మేలు.

పలకరింపు, పిలుపు: సలాంతో మొదలుపెట్టడం మంచి అలవాటే. గ్రూపులో ముస్లిమేతర సభ్యులు ఉంటే దాంతోపాటు ‘అందరికీ నమస్కారం’ అని కలిపితే వాళ్లనీ పలకరించినట్టు ఉంటుంది. పెద్దవాళ్లను ‘సాబ్’, ‘గారు’, ‘ఆపా’, ‘భాయ్’ అని ఎదురుగా ఎలా పిలుస్తారో ఉత్తరంలోనూ అలాగే పిలవాలి. వాదన వేడెక్కినప్పుడు మొదట జారిపోయేవి ఈ మాటలే. కింద పేరు, ఊరు రాయడం మరవొద్దు. మూడొందల మంది గ్రూపులో ‘అహ్మద్’ అని ఒక్కరే ఉండరు.

‘రిప్లై ఆల్’ ఖరీదు

400 మంది ఉన్న గ్రూపు అనుకుందాం. ఒక ఉత్తరం తెరిచి, చూసి, తీసేయడానికి మనిషికి అర నిమిషం పడుతుందనుకుంటే, అవసరం లేని ఒక్క ఉత్తరం మొత్తం 200 నిమిషాలు తినేస్తుంది. అంటే 3 గంటల 20 నిమిషాలు. ఎవరికో ఉద్యోగం వచ్చిందన్న కబురుకు 40 మంది ‘మాషా అల్లాహ్’, ‘ముబారక్’ అని అందరికీ పంపితే సభ్యుల ఇన్‌బాక్స్‌ల్లో పడేవి 16,000 ఉత్తరాలు. శుభాకాంక్షలు చెప్పొద్దని కాదు. ఆ మనిషికి నేరుగా చెబితే ఆయనకూ ఎక్కువ ఆనందం, మిగతావాళ్లకూ ఇబ్బంది ఉండదు.

మరణ వార్తల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. జనాజా నమాజ్ ఎప్పుడు, ఎక్కడ అన్న ఒక్క ఉత్తరం అందరికీ చేరాలి. దాని వెంట వంద సంతాపాలు వచ్చిపడితే, సమయం మారిందని తర్వాత వచ్చిన ఉత్తరం వాటి కింద కనబడకుండా పోతుంది. సంతాపం ఆ కుటుంబానికి ఫోన్ చేసి చెప్పడమో, ఇంటికి వెళ్లి కలవడమో మంచిది.

పెద్ద సంస్థలే ఈ పొరపాటు దెబ్బ తిన్నాయి. 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌లో సుమారు 13,000 మంది ఉన్న ఒక జాబితాకు ఉత్తరం వెళ్లింది. ‘నన్ను తీసేయండి’, ‘అందరికీ జవాబివ్వడం ఆపండి’ అని అందరూ అందరికీ పంపడంతో మెయిల్ వ్యవస్థ కుదేలైంది. 2016 నవంబరు 14న ఇంగ్లండ్ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్ఎస్‌లో ఒక పరీక్ష మెయిల్ దాదాపు 8.4 లక్షల ఖాతాలకు చేరింది. అక్కడా జవాబులే సమస్యను పెంచాయి. రెండు చోట్లా పాఠం ఒకటే. ‘ఆపండి’ అని అందరికీ రాసేవాళ్లు కూడా వరదలో ఓ చెంబు నీళ్లు పోస్తున్నట్టే లెక్క.

గ్రూపు నుంచి బయటకు వెళ్లాలన్నా అందరికీ చెప్పాల్సిన పని లేదు. గూగుల్ గ్రూప్స్‌లో గ్రూపు పేరు తర్వాత ప్లస్ గుర్తు, ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అనే మాట చేర్చిన చిరునామాకు ఒక మెయిల్ పంపితే సరిపోతుంది. ఉత్తరాలు ఎక్కువయ్యాయనిపిస్తే వెళ్లిపోకుండా ‘డైజెస్ట్’ పెట్టుకోవచ్చు. అప్పుడు విడివిడి ఉత్తరాల బదులు అన్నీ కలిపి ఒకటిగా వస్తాయి.

సాయం అడిగినవాళ్ల పరువు

మెయిల్ గ్రూపుల్లో అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. జకాత్, చందాలతో చదువుకో వైద్యానికో సాయం చేసే సంఘాలకు అప్లికేషన్లు వస్తాయి. వాటితో ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆసుపత్రి రిపోర్టులు, ఒక్కోసారి తలాక్ కాగితాలు కూడా ఉంటాయి. ‘వివరాలు జతచేశాం, చూడండి’ అని మొత్తం గ్రూపుకు ఫార్వర్డ్ చేస్తే, ఆ ఇల్లాలి కష్టం ఆమె వీధిలోనే ఉన్న నలుగురు సభ్యులకు కూడా తెలిసిపోతుంది. డబ్బు సాయం అందొచ్చు, అందకపోవచ్చు. పరువు మాత్రం పోతుంది. పోయినదాన్ని ఏ కమిటీ తీర్మానం చేసీ తెచ్చివ్వలేదు.

దీనికి సులువైన పద్ధతి ఉంది. కాగితాలు పరిశీలించే ఇద్దరు ముగ్గురికే అసలు పత్రాలు వెళ్లాలి. పెద్ద గ్రూపుకు ‘అప్లికేషన్ నంబర్ 14, భర్త లేని తల్లి, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, కావాల్సిన మొత్తం ఇంత, పరిశీలన పూర్తయింది’ అన్నంత వరకు చెబితే చాలు. ఇచ్చేవాళ్లకు నమ్మకం కావాలి. పేరు, ఫొటో అక్కర్లేదు. మజ్లిస్‌లో మాట్లాడుకున్న మాట అమానత్ అని పెద్దలు చెప్పేది ఇలాంటి చోటే వర్తిస్తుంది.

సీసీ, బీసీసీల తేడా కూడా ఇక్కడ తెలిసి ఉండాలి. అప్లికేషన్ పెట్టుకున్న 50 మందికి ఒకేసారి కబురు పంపుతూ అందరి చిరునామాలూ సీసీలో పెడితే, ఎవరెవరు సాయం అడిగారో ఒకరికొకరు తెలిసిపోతారు. బీసీసీలో పెడితే ఎవరి చిరునామా మరొకరికి కనబడదు.

ఫార్వర్డ్ చేసే ముందు

‘మా బంధువుకు తెలిసినవాళ్లు చెప్పారు’ అంటూ వచ్చే వార్తలు, ఎవరిచ్చారో తెలియని ఫత్వాలు, పాత ఫొటోకు కొత్త కథ అతికించిన ఉత్తరాలు వాట్సాప్‌కే పరిమితం కాదు. కబురు వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలన్న ఆదేశం ఖుర్‌ఆన్‌లోని సూరా హుజురాత్ 6వ ఆయత్‌లో ఉంది. తెలియక ఎవరికో హాని చేసి తర్వాత బాధపడే పరిస్థితి రాకూడదన్నదే దాని ఉద్దేశం. అదే సూరాలోని 11, 12 ఆయత్‌లు ఎగతాళి చేయడాన్ని, పేర్లు పెట్టి పిలవడాన్ని, లేనిపోని అనుమానాలను, గూఢచర్యాన్ని, గీబత్‌ను వారిస్తాయి. గ్రూపులో పాటించాల్సిన మర్యాదల పట్టికలా ఉంటాయి ఆ రెండు ఆయత్‌లు.

ఆచరణలో చూడాల్సినవి మూడు: ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, అసలు పత్రం ఎక్కడుంది. మూడింటికీ జవాబు లేకపోతే ఫార్వర్డ్ చేయకుండా ఆగడం మంచిది. వేరొకరు వ్యక్తిగతంగా రాసిన ఉత్తరాన్ని వాళ్ల అనుమతి లేకుండా గ్రూపులో పెట్టడం కూడా తప్పే.

వాదన వచ్చినప్పుడు

అభిప్రాయాలు కలవకపోవడం తప్పు కాదు. మషూరా అంటేనే నలుగురూ నాలుగు మాటలు చెప్పడం. మాటకు జవాబివ్వాలి, మనిషికి కాదు. ‘ఈ లెక్కలో కరెంటు బిల్లు రెండుసార్లు పడింది, ఒకసారి చూడండి’ అనడం వేరు, ‘ఖజాంచీ గారికి లెక్కలు రావు’ అనడం వేరు. మొదటిదానికి సమాధానం వస్తుంది, రెండోదానికి గొడవ వస్తుంది.

ఎవరి తప్పైనా ఎత్తి చూపాలంటే ముందు వాళ్లకు ఒంటరిగా రాయాలి. నలుగురిలో చేసే నసీహత్ అవమానంలా తగులుతుంది. అయితే దీన్ని లెక్కలు దాచడానికి వాడుకోకూడదు. అందరి డబ్బు గురించిన ప్రశ్నకు ఒంటరిగా జవాబు రాకపోతే, మర్యాదగా గ్రూపులో అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది.

కోపంలో రాసింది డ్రాఫ్ట్‌లో ఉంచి మర్నాడు ఫజర్ తర్వాత మళ్లీ చదవడం మంచి పద్ధతి. ఆ డ్రాఫ్ట్‌లో ‘టు’ చిరునామా ఖాళీగా ఉంచితే పొరపాటున పంపే భయం కూడా ఉండదు. ఎదుటివాళ్ల గొంతు ఉత్తరంలో వినబడదు కాబట్టి, రెండు అర్థాలు వచ్చే మాటకు మంచి అర్థమే తీసుకోవాలి. వ్యంగ్యం, వేళాకోళం ఎదురుగా ఉన్నప్పుడు నవ్విస్తాయి, మెయిల్‌లో గాయం చేస్తాయి.

మోడరేటర్ బాధ్యత

సభ్యులకు మాత్రమే నియమాలు చెబితే సరిపోదు. గ్రూపు దేనికోసం, ఏవి పంపొచ్చు, ఏవి పంపకూడదు అన్నది చేరిన రోజే ప్రతి సభ్యుడికి రాసి పంపాలి. ఆర్కైవ్ సభ్యులకే కనబడేలా సెట్టింగ్ పెట్టాలి. అందరికీ వెళ్లే ప్రకటనల జాబితాలో నిర్వాహకులు మాత్రమే రాసే ఏర్పాటు చేసి, చర్చకు వేరే గ్రూపు ఉంచితే సగం గొడవలు తగ్గుతాయి. ఉత్తరం ఆపేస్తే ఎందుకు ఆపారో రాసినవాళ్లకు చెప్పాలి. తన వర్గం వాళ్ల ఘాటు ఉత్తరాలు వదిలి, ఎదుటి వర్గం వాళ్లవి ఆపితే ఆ మోడరేటర్ మాట ఎవరూ వినరు. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. కమిటీ మారినప్పుడు గ్రూపు కూడా అప్పగించాలి.

చట్టం ఏం చెబుతుంది?

ఆన్‌లైన్‌లో రాసిన మాటలపై కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అంతమాత్రాన ఏం రాసినా చెల్లుతుందని కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి 356వ సెక్షన్, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడానికి 196వ సెక్షన్ ఉన్నాయి. మనవాళ్ల గ్రూపే కదా అని రాసిన మాట బయటకు వెళ్లి కోర్టు కాగితం అయ్యే అవకాశం ఉంటుంది.

పొరపాటు జరిగిపోతే

ఒకరికి రాయాల్సింది అందరికీ వెళ్లిపోతే ముందు ఆ ఒకరికి, తర్వాత గ్రూపుకు క్షమాపణ చెప్పాలి. 1995 నాటి పత్రమూ ఇద్దరికీ చెప్పమనే అంటుంది. క్షమాపణ రెండు లైన్లలో ఉండాలి, కారణాల జాబితా వద్దు. వెళ్లిన ఉత్తరంలో ఎవరి వ్యక్తిగత వివరాలైనా ఉంటే, ఆర్కైవ్ నుంచి తీసేయమని మోడరేటర్‌ను వెంటనే అడగాలి. తమ దగ్గరున్న కాపీ తొలగించమని సభ్యులను కోరాలి. ఇతరుల రహస్యం పొరపాటున అందుకున్నవాళ్లు దాని గురించి ఎక్కడా మాట్లాడకుండా చెరిపేయడం వాళ్ల అదబ్.

పంపే ముందు చూసుకోవాల్సిన ఆరు

1. ఇది అందరికీ కావాలా, ఒకరికి చాలా?
2. ‘టు’ గడిలో ఉన్న చిరునామా గ్రూపుదా, మనిషిదా?
3. సబ్జెక్ట్ లైన్ చదివితే విషయం తెలుస్తుందా?
4. ఇందులో ఎవరి పేరు, ఫోన్ నంబర్, జబ్బు, అప్పు, ఇంటి గొడవ ఉన్నాయా? ఉంటే వాళ్ల అనుమతి ఉందా?
5. ఈ సంగతి నిజమని తెలుసా, విన్నదేనా?
6. ఈ ఉత్తరంలో ఎవరి పేరుందో ఆ మనిషి ముందు దీన్ని పైకి చదవగలరా?

ఆరో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబొస్తే, ఆ ఉత్తరం డ్రాఫ్ట్‌లోనే ఉండిపోవాలి.